ఏడు డైలాగుల మొగుడు

తొమ్మిది రోజుల తర్వాత ఆయన నోరు తెరిచి అన్న మొదటి మాట విని ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

ఆస్పత్రిలో కిటికీ పక్క మంచం ఆయనది. కుడిచెయ్యీ కుడికాలూ పడిపోయాయి. మూతి కాస్త ఎడమవైపుకి లాగేసింది. మాట వస్తుందో రాదో డాక్టర్లు ఎటూ తేల్చలేదు. రోజూ పొద్దున్నే అడిగినట్టే ఆ రోజు కూడా ఆమె అడిగింది, "ఏమండీ, మంచినీళ్ళు తాగుతారా?" అని. జవాబు వస్తుందని కాదు, ఊరికే ఉండలేక. ఆయన పెదవులు కదిలాయి. గొంతులో ఏదో గరగరలాడింది. ఆమె మీదకి వంగి చెవి దగ్గర పెట్టింది.

"గేటు వేసేసి గెలిచాననుకోకు... నాకు నడక కంటే ముందు గోడ దూకడం వచ్చు!"

తడబాటు లేదు, నసుగుడు లేదు. హీరో ఎక్కడ ఊపిరి తీసుకున్నాడో సరిగ్గా అక్కడే తీసుకుని, ఎక్కడ గొంతు పెంచాడో అక్కడే పెంచి అన్నాడు. నర్సు చేతిలో ట్రే పక్కన పెట్టి చప్పట్లు కొట్టింది. పక్క మంచం మీది పెద్దాయన దుప్పట్లోంచే "శభాష్" అన్నాడు. ఆమె మాత్రం గ్లాసు పట్టుకుని కొయ్యబారి నిలబడిపోయింది. ముప్పై ఒక్క ఏళ్ళ కాపురం. అంత దూరం వెళ్ళి తిరిగొచ్చిన మనిషి పెళ్ళాం మొహం చూసి అనాల్సిన మాట ఇదా?

ఆ వీధిలో ఆమె అందరికీ జిరాక్స్ అక్క. రిజిస్ట్రేషన్ ఆఫీసుకి ఎదురుగా, మెట్ల కింద ఇరుకు గదిలో షాపు. కాపీలు తీసే పెద్ద మిషను, లామినేషన్ మిషను, బైండింగ్‌కి చిల్లులు పొడిచే మిషను, రెండు స్టూళ్ళు. పొద్దున షట్టరు లేపితే ఎదురుగా ఆఫీసు మూసేదాకా ఊపిరాడదు. పాత దస్తావేజుకి ఎంత నలుపు పెట్టాలో, నలిగిన సర్టిఫికెట్టుని గాజు మీద ఎలా పరవాలో ఆమె వేళ్ళకే తెలుసు. మాట కూడా పనిలాగే పొట్టి. రెండు మాటలతో అయ్యేదానికి మూడోది వాడదు.

ఆయన లిఫ్టు మెకానిక్. కంపెనీలో ఆయనకి 'డైలాగు' అనే పేరు. "డైలాగు ఎక్కడున్నాడు? పెద్దాస్పత్రిలో లిఫ్టు ఆగిపోయింది, తొందరగా పంపండి" అని ఫోన్లు వచ్చేవి. ఏం మాట్లాడాలన్నా ముందు ఒక సినిమా డైలాగు పడాల్సిందే. లిఫ్టులో ఇరుక్కుపోయినవాళ్ళకి పైనుంచి డైలాగులు చెప్పి నవ్విస్తూ, తలుపు తెరిచి బయటికి లాగేవాడట. అలా బయటపడ్డవాళ్ళు ఆయన్ని ఆకాశానికెత్తేసేవాళ్ళు. ఇంట్లో ఉండి ఆ డైలాగుల కింద నలిగింది ఆమె.

పెళ్ళి కుదిరాక మొదటిసారి ఇద్దరూ విడిగా మాట్లాడుకున్నప్పుడు ఆయన అన్న మాట, "నువ్వు నవ్వు, నేను దీపాలార్పేస్తా!" ఆమె నిజంగానే నవ్వింది. సరదా మనిషి అనుకుంది. ఆ నవ్వు రెండేళ్ళలో అరిగిపోయింది. వంటింట్లో పంపు కారుతోందంటే డైలాగు. అమ్మాయికి జ్వరమంటే డైలాగు. షాపు షట్టరు సగంలో ఇరుక్కుని, వాన నీళ్ళు లోపలికొచ్చి, రీములు రీములు కాగితం తడిసిపోతుంటే ఈయన తాపీగా వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని, "నా ఊళ్ళో గాలి కూడా నన్నడిగే వీస్తుంది!" అన్నాడు. ఆ తర్వాత షట్టరు బాగుచేశాడనుకోండి, కానీ అప్పటికి ఆమె విసురుగా లోపలికెళ్ళిపోయింది. అదే ఆమె అలవాటు. ఆయన డైలాగు మొదలుపెట్టాడంటే ఈమె లేచిపోయేది.

అవన్నీ ఒక ఎత్తు, తన అమ్మ పోయిన రోజు ఒక ఎత్తు. గోడకి ఆనుకుని కూర్చున్న ఆమె దగ్గరికి ఆయన వచ్చి, పక్కన కూలబడి, "పోయినవాళ్ళు తలుపేసుకుని పోరమ్మా... మనకోసం ఓరగా తీసిపెట్టి పోతారు" అన్నాడు. అది ఏదో సినిమాలోదని అక్కడున్న చుట్టాలకీ తెలుసు. ఒకరిద్దరు తల దించుకుని నవ్వుకున్నారు కూడా. ఆమె ఒక్క చూపు చూసి లేచి వెళ్ళిపోయింది. నాలుగు నెలలు ముక్తసరిగా తప్ప మాట్లాడలేదు. ఆ మంట పదేళ్ళయినా ఆరలేదు.

ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చాక వారానికి రెండుసార్లు స్పీచ్ థెరపిస్టు దగ్గరికి తీసుకెళ్ళమన్నారు. ఆ అమ్మాయిది చిన్న వయసే కానీ ఓపిక మాత్రం చాలా పెద్దది. ఆయనకి గడియారం బొమ్మ చూపించింది, కప్పు బొమ్మ చూపించింది. ఆయన నుదుటి మీద చెమట పట్టింది. నోరు అటూ ఇటూ పోయింది తప్ప ఒక్క అక్షరం రాలేదు. చివరికి ఎడమచెయ్యి బల్ల మీద గట్టిగా చరిచి, "నాకు అడ్డం రావడం కాదురా... ముందు నేను అర్థం కావాలి!" అని గర్జించాడు.

థెరపిస్టు ఉలిక్కిపడలేదు. ఏదో రాసుకుంది.

"ఆంటీ, సొంతంగా మాటలు కూర్చుకునే చోట దెబ్బ తగిలింది అంకుల్‌కి. ఏళ్ళ తరబడి నోటికొచ్చినవి వేరే చోట ఉంటాయి. అందుకే పాటలు, ప్రార్థనలు, తిట్లు కొంతమందికి మిగులుతాయి. అంకుల్‌కి డైలాగులు మిగిలాయి."

"తిట్లు మిగిలినా బాగుండేది. కనీసం నన్నే అంటున్నాడని తెలిసేది" అంది ఆమె.

లెక్క చూస్తే ఏడు మిగిలాయి. వందల డైలాగుల మనిషికి ఏడే ఏడు. గేటూ గోడా ఒకటి. అడ్డం, అర్థం ఒకటి. గాలి ఒకటి. తలుపు ఓరగా తీసిపెట్టేది ఒకటి, చూడండి ఆమె ఖర్మ, అది కూడా మిగిలింది. "గెలవడానికి రాలేదు దొరా, నీ ఓపిక చూడటానికి వచ్చా!" అనేది ఇంకోటి. కష్టమూ కాగితమూ అంటూ మరోటి. పాతకాలపు రాజుల సినిమాలోది చివరిది, "మహామంత్రీ, ఇక సభ చాలించండి!" నవ్వూ దీపాల డైలాగు మాత్రం పోయింది. పోతే పోయింది అనుకుంది గానీ, ఆ పోయినదాన్ని గురించి ఆమెకెందుకో రెండు రోజులు చిరాగ్గానే ఉంది.

ఆ ఏడింటితోనే సంసారం నడవాలి. దాహమైనా, నడుం నొప్పైనా, టీ వేడిగా ఉన్నా ఆ ఏడింట్లోంచే ఏదో ఒకటి వస్తుంది. ఏది దేనికో ఆయన చేతిలో లేదు. "గాలి కూడా నన్నడిగే..." అంటే ఫ్యాను వేసింది. తల అడ్డంగా ఊపాడు. ఆపింది. ఊపాడు. కిటికీ తీసింది, మూసింది, దుప్పటి కప్పింది, తీసింది. ఆయన మొహం కందగడ్డలా అయింది. మంచం పట్టీ మీద చేత్తో దబదబా బాదాడు. చివరికి తేలింది ఏమిటంటే, కళ్ళజోడు కావాలి. అది ఆయన దిండు కిందే ఉంది.

"జోడు అనడానికి నోరు రాదు గానీ ఊళ్ళో గాలినంతా అదుపులో పెడతారు!" అని ఆమె తల బాదుకుంది. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఒక్క మహామంత్రి డైలాగు మాత్రం దారికొచ్చింది. అది వచ్చిందంటే బాత్రూముకి తీసుకెళ్ళాలి. అది కనిపెట్టడానికి మూడు దుప్పట్లు ఉతకాల్సొచ్చింది.

ఇంట్లో ఒంటరిగా వదిలేయలేక, కాస్త నడక వచ్చాక ఆయన్ని షాపుకి తీసుకెళ్ళి లామినేషన్ మిషను పక్కన కుర్చీలో కూర్చోబెట్టడం మొదలుపెట్టింది. రెండు రోజుల్లో సంగతి వీధంతా పాకింది. కాపీలకని వచ్చినవాళ్ళు, కాపీలు అక్కర్లేనివాళ్ళు కూడా వచ్చి, "బాబాయ్, ఒక డైలాగు వేయండి" అనేవాళ్ళు. ఆయన ఏదో అడగబోయేవాడు, అందులోంచి డైలాగు తన్నుకొచ్చేది. జనం ఈలలు వేసేవాళ్ళు. ఆయన కళ్ళల్లో అవమానం ఆమెకు ఒక్కదానికే కనిపించేది.

ఒకరోజు పొడుగాటి అమ్మాయొకతె లైసెన్సు కాపీలు తీయించుకోవడానికి వచ్చింది. బస్సు డ్రైవరు ఉద్యోగానికి పరీక్షట. రెండుసార్లు పోయిందట, ఇది మూడోది. "ఆడవాళ్ళకెందుకమ్మా ఇంత పెద్ద స్టీరింగు అని అక్కడ నవ్వుతారక్కా. వెళ్ళాలా మానాలా అని ఆలోచిస్తున్నా" అంటుండగానే వెనకనుంచి ఆయన, "గేటు వేసేసి గెలిచాననుకోకు... నాకు నడక కంటే ముందు గోడ దూకడం వచ్చు!" అన్నాడు.

ఆ అమ్మాయి వెన్ను నిటారుగా అయింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "చూడక్కా, నాకోసమే చెప్పారు" అని ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టినంత పని చేసి వెళ్ళిపోయింది.

ఆయన చెప్పింది ఆ అమ్మాయికోసం కాదు. చేతికర్ర జారి కౌంటరు కిందికి పోయింది, తీసిపెట్టమని చెప్పాడు. అది ఇంకో పావుగంటకి గానీ జిరాక్స్ అక్కకి బోధపడలేదు.

పది రోజుల తర్వాత ఆ అమ్మాయి బిస్కెట్ల డబ్బా పట్టుకుని గంతులేస్తూ వచ్చింది. "పాసయ్యానక్కా! మలుపు దగ్గర బండి ఆగిపోబోతుంటే బాబాయ్ గొంతే వినిపించింది. ఆ మాటే పట్టుకుని లాగించేశా!"

"సంతోషం" అంది ఆమె. ఆ అమ్మాయి వెళ్ళాక డబ్బాని ఠపీమని కౌంటరు మీద పెట్టింది. వీధిలో పోయే ప్రతివాడికీ ఈయన మాటలో వాడికి కావలసింది దొరుకుతోంది. పక్కనే పడి ఉన్న తనకి మాత్రం ఆకలేస్తోందో, నొప్పి పుడుతోందో కూడా దొరకదు. ఇంతకంటే అన్యాయం ఉంటుందా? ఆయన ఎడమచేత్తో బిస్కెట్టు తీసుకుని నములుతూ అమాయకంగా చూశాడు. ఆ చూపుకి ఇంకా మండింది.

ఇంతలో కంపెనీ నుంచి కబురొచ్చింది. పనిచేయలేడని మెడికల్ బోర్డు కాగితం ఇస్తే పద్ధతి ప్రకారం రిటైర్ చేస్తారు. లేదంటే పనికి రానందుకు పేరు కొట్టేస్తారు. ఆమె షాపు మూసి, ఆస్పత్రి కాగితాలన్నీ జాగ్రత్తగా ఫైలుగా బైండు చేసి, ఆయన్ని బోర్డుకి తీసుకెళ్ళింది. మూడు గంటలు బెంచీ మీద కూర్చున్నారు. పిలిచాక ఆయన్ని ఒక్కడినే లోపలికి పంపమన్నారు. థెరపిస్టు రాసిచ్చిన ఉత్తరాన్ని గుమాస్తా పక్కకి తోసేశాడు, బయటివాళ్ళ కాగితాలు ఇక్కడ చెల్లవంటూ. ఆమె తలుపు సందులోంచి చూస్తూ నిలబడింది.

"చెప్పండి పెద్దాయనా, మీ కష్టమేంటి?" అన్నాడు డాక్టరు.

ఆయన కంగారుగా గదంతా చూశాడు. ఎదురుగా ముగ్గురు కూర్చుని తననే చూస్తున్నారు. అప్పుడొచ్చింది, గంట కొట్టినట్టు.

"నా కష్టం కాగితం మీద రాసుకునేది కాదు సార్... కళ్ళల్లో చదువుకునేది!"

ముగ్గురూ పగలబడి నవ్వారు. "మాట శుభ్రంగా ఉందే! మా ఇంట్లో వాళ్ళకి కూడా ఇంత స్పష్టంగా రాదు" అంటూ డాక్టరు కలం తీశాడు. ఆమె తలుపు తోసుకుని లోపలికి దూసుకెళ్ళింది.

"అది సినిమా డైలాగండీ! సొంతంగా ఒక్క ముక్క రాదు. పేరు అడగండి, చెప్పలేడు!"

"అమ్మా, మాట రానివాడికి డైలాగెలా వస్తుంది? కాలూ చెయ్యీ ఆరు నెలలకి ఎంత బాగవుతాయో చూద్దాం. అప్పుడు రండి."

కాగితం మీద 'మాట స్పష్టంగా ఉంది' అని రాసి ముద్ర కొట్టారు. బస్సులో ఇంటికొస్తూ ఆమె పళ్ళు నూరుతూనే ఉంది. "ఒక్కసారి, ఒక్కసారి నోరు మూసుకుని కూర్చుంటే ఏం పోయేది? ముప్పై ఏళ్ళు అనవసరమైనప్పుడు మాట్లాడారు, ఇవాళ అసలు మాట్లాడకూడనప్పుడు మాట్లాడారు!" పక్క సీట్లోవాళ్ళు తిరిగి చూస్తున్నా ఆగలేదు. ఆయన మాత్రం బొమ్మలా కూర్చున్నాడు. ఎడమకంట్లోంచి నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు.

ఈ సంగతి తెలిసి ఆయన అక్క చూడటానికి వచ్చింది. జిరాక్స్ అక్కకి వదిన. మోకాళ్ళ నొప్పుల మనిషి, ఎక్కడికీ కదలదు, తమ్ముడంటే ప్రాణం కాబట్టి వచ్చింది. షాపులో స్టూలు మీద కూర్చుని బోర్డు కథంతా విని నవ్వుతుందేమో అనుకుంటే నవ్వలేదు.

"వాడు అంతేనమ్మా. భయమేస్తే ముందు అదే వస్తుంది. చిన్నప్పటి నుంచీ అంతే."

"చిన్నప్పటి నుంచీ ఏంటి వదినా?"

"అదే, నత్తి."

ఆమె చేతిలో కాగితాల కట్ట అలాగే ఉండిపోయింది. "ఎవరికి నత్తి?"

వదిన ఆమె వంక తెల్లబోయి చూసింది. "నీకు తెలీదా? వాడు చెప్పలేదా?" అని నాలిక్కరుచుకుంది. తర్వాత మెల్లగా చెప్పింది. పదకొండేళ్ళొచ్చినా వాడు తన పేరు తను చెప్పలేకపోయేవాడు. బళ్ళో పిల్లలు వాడి చుట్టూ చేరి వెక్కిరించేవాళ్ళు. మాట్లాడటమే మానేశాడు. సినిమా హాలు వెనక తలుపు దగ్గర కూర్చుని లోపలి మాటలు వినేవాడు, బొమ్మ కనిపించదు, మాట ఒక్కటే. విని విని ఒకరోజు ఇంటికొచ్చి, హీరో గొంతుతో డైలాగు చెప్పాడు. నత్తి లేదు! ఇంట్లో అందరూ నోళ్ళు తెరిచారు. "అప్పటి నుంచి అదే పట్టు వాడికి. డైలాగు ఒకటి అందుకుంటే, ఆ ఊపులో దాని వెనక సొంత మాట నాలుగు ముక్కలు వచ్చేవి. తోస్తే గానీ స్టార్టవని బండి లాగన్నమాట. పెళ్ళికి ముందు 'అక్కా, తనకి చెప్పకు, నవ్వుతుంది' అన్నాడు. నేను చెప్పలేదు. తర్వాత వాడే చెప్పుకుని ఉంటాడనుకున్నా."

ఆయన కుర్చీలో తల దించుకుని కూర్చున్నాడు. వదిన వెళ్ళేదాకా ఆమె బిగబట్టుకుంది. వెళ్ళగానే షట్టరు సగం దించి ఆయన ముందు నిలబడింది.

"ముప్పై ఒక్క ఏళ్ళు! ఒక్కరోజు చెప్పాలనిపించలేదా? నేనేమన్నా పరాయిదాన్నా? నవ్వేదాన్నా నేను?"

అడిగాక ఆమెకే తెలిసింది, నవ్వేదే. మొదటి రెండేళ్ళలో అయితే నవ్వేది. తర్వాత విసుక్కునేది. ఆయన నోరు తెరిచాడు. "గెలవడానికి రాలేదు దొరా..." అని మొదలుపెట్టి, తనే మధ్యలో ఆపేసి, ఎడమచేత్తో మొహం కప్పుకున్నాడు.

మిషను ముందు కూర్చుని ఆమె ఆ సాయంత్రమంతా వెనక్కి వెళ్ళి చూసుకుంది. ప్రతి డైలాగు తర్వాతా ఆయన ఏదో అనబోయేవాడు కదా. షట్టరు ఇరుక్కున్న రోజు గాలి డైలాగు తర్వాత, "నువ్వు పక్కకి జరుగు, చెయ్యి తెగుద్ది" అన్నాడు. అది ఆమె లోపలికెళ్ళిపోతూ విన్నది. పంపు కారిన రోజు కూడా ఏదో అన్నాడు. వినడానికి తనెప్పుడు నిలబడింది గనక? అమ్మ పోయిన రోజు... ఆ తలుపు డైలాగు వెనక ఏముందో? తను లేచి వెళ్ళిపోయింది కదా. ఆయన మీద కోపం, తన మీద కోపం, రెండిట్లో ఏది ఎక్కువో ఆమెకే తెలియలేదు.

థెరపిస్టుతో చెబితే ఆ అమ్మాయి కుర్చీలోంచి లేచినంత పని చేసింది. "ముందే ఎందుకు చెప్పలేదాంటీ! డైలాగు రాగానే మీరు ఆగండి. వెళ్ళకండి, అందివ్వకండి, ఊహించకండి. ఆయన మొహం చూస్తూ ఆగండి. వెనక ఏమన్నా వస్తుందేమో చూద్దాం."

ఆగడం! ఆమెకి చేతకాని పని ఏదన్నా ఉంటే అదే. అయినా ఆగింది. డైలాగు వచ్చేది, ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆయన మొహంలోకి చూసేది. గోడ గడియారం టిక్కుటిక్కుమనేది. పాలు పొంగిపోయేవి. కస్టమర్లు గొణిగేవాళ్ళు. ఆయన గొంతులో ఏదో కదిలి, నోటిదాకా వచ్చి, చల్లారిపోయేది. ఒక వారం, రెండు వారాలు, అయిదు వారాలు. ఏమీ లేదు. ఆమె పెద్దపెద్ద అక్షరాలతో 'నీళ్ళు', 'టీ', 'నొప్పి' అని అచ్చు తీసి, లామినేషన్ చేసి ఇచ్చిన అట్టల్ని ఒకరోజు ఆయన విసిరికొట్టాడు. ఒకటి వెళ్ళి మిషను కిందికి దూరింది.

ఆదివారం వచ్చిన కూతురు వాటిని ఏరుతూ, "నాన్నకి అక్షరాలు చూపిస్తే కోపమే. సినిమా పెడదామా?" అంది. తండ్రీకూతుళ్ళిద్దరికీ సినిమాల పిచ్చి. తలుపు డైలాగు ఉన్న సినిమా ఏదో ఆ పిల్లకి తెలుసు. ఆమె అడిగి మరీ పెట్టించుకుంది. పదేళ్ళు తనని కాల్చిన మాట అసలు ఎలా ఉందో చూద్దామని కూర్చుంది. గంటన్నర తర్వాత వచ్చిందది. హీరో కూడా కాదు, ఎవడో కాపలావాడు, అతికించిన మీసంతో, కెమెరా వంక చూస్తూ అన్నాడు. ఆ తర్వాత పాటొచ్చింది.

"ఇంతేనా? దీనికా?" అంది ఆమె.

"ఇంతేనమ్మా. నాన్న చెబితేనే బాగుండేది."

ఆమె ఆయన వైపు తిరిగింది. "ఆ రోజు దీని తర్వాత ఏదో అనబోయారు. ఏం అనాలనుకున్నారు?" నోరు మెదిపాడు. చివరికి తల అడ్డంగా ఊపాడు. చెప్పలేకపోయాడో, మర్చిపోయాడో, అది కూడా తెలియలేదు. ఇక ఎప్పటికీ తెలియదు. ఆమె లేచి వెళ్ళి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది.

మాట వచ్చిన రోజు మంచి రోజేం కాదు. ఆఫీసులో ఏదో గడువు ఆఖరి రోజు. షాపు బయట దాకా జనం. మిషన్లో కాగితం ఇరుక్కుంది. ఆమె మోచేతుల దాకా నల్ల పొడి. వెనక ఆయన ఓపిక డైలాగు ఎత్తుకున్నాడు. ఒకసారి, రెండుసార్లు, నాలుగుసార్లు. ఆమెకి ప్రాణం విసిగిపోయింది. మిషను తలుపు ధడేలున వేసి తిరిగింది.

"ఆ! గెలవడానికే వచ్చా దొరా, నీ ఓపిక నువ్వే చూసుకో! సరేనా? చాలా నీకు?"

ముప్పై ఒక్క ఏళ్ళలో మొదటిసారి ఆయన్ని 'నువ్వు' అంది. ఆయన మొహంలో ముందు కోపం కాదు, ఏదో తప్పు జరిగిపోయిన బాధ కనిపించింది, గోడకి వంకరగా తగిలించిన పటాన్ని చూసినట్టు.

"కా... కా... కాదు" అన్నాడు. "రా... రాలేదు."

ఆమెకి ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత నల్ల చేతులతోనే ఆయన కుర్చీ దగ్గరికి వెళ్ళింది. "ఏమన్నారు?"

"రా... లేదు. గెల... వడానికి... రాలేదు." డైలాగు గొంతు కాదది. నత్తి నత్తిగా, ముక్కలు ముక్కలుగా, ఆమె ఎప్పుడూ వినని గొంతు. డైలాగు తప్పు చెప్పిందని పెళ్ళాన్ని దిద్దుతున్న గొంతు.

ఆ రోజు నుంచి అదే మందైంది. ఆమె కావాలని తప్పు చెప్పేది. తప్పు చెప్పాలంటే ముందు ఒప్పు రావాలి కాబట్టి, సినిమా అంటే పడని మనిషి పుస్తకం పెట్టుకుని డైలాగులు రాసుకుని బట్టీ పట్టింది. గోడ బదులు గేటు అనేది, గాలి బదులు వాన అనేది. ఆయన ఉడుక్కుని దిద్దేవాడు. దిద్దిన ఊపులో ఎప్పుడన్నా ఒక సొంత మాట జారేది. 'నీళ్ళు' అలా వచ్చింది. 'వద్దు' వచ్చింది. 'వద్దు' వచ్చాక రోజంతా అదే. వచ్చిన మాట మర్నాటికి పోయేది. మళ్ళీ తిట్టుకుంటూ తవ్వుకోవాలి. "మీరు నా దగ్గర నేర్చుకోవాలా, నేను మీ దగ్గర నేర్చుకోవాలా" అని థెరపిస్టు నవ్వింది గానీ, ఆమెకి నవ్వే ఓపిక లేదు. ఆరు నెలలకి అన్నీ కలిపితే ముప్పై మాటలు లేవు.

రెండోసారి బోర్డుకి వెళ్ళినప్పుడు వేరే డాక్టరమ్మ ఉంది. జిరాక్స్ అక్క తనని లోపలికి రానిస్తే గానీ కదలనని గుమ్మంలో నిలబడింది. రానిచ్చారు. అడగగానే ఆయన అడ్డం, అర్థం డైలాగు గంభీరంగా అప్పజెప్పాడు. డాక్టరమ్మ కలం ఎత్తింది.

"ఆగండమ్మా" అంది ఆమె. "ఇంకా అయిపోలేదు. ఆయన పేరు అడిగి, జవాబు వచ్చేదాకా చూడండి."

డాక్టరమ్మ అడిగింది. గదిలో అందరూ చూస్తుండగా ఆయన తన పేరు కోసం పోరాడాడు. మెడ నరాలు ఉబ్బాయి. మొదటి అక్షరం వచ్చి, విరిగి, మళ్ళీ వచ్చింది. అందిద్దామని ఆ పేరు ఆమె నాలుక దాకా వచ్చింది. పళ్ళ మధ్య బిగించి ఆపుకుంది. పేరు సగమే వచ్చింది. డాక్టరమ్మ చేయి అడ్డం పెట్టి, "చాలు, చాలు" అని రాసేసింది.

కాగితం చేతికొచ్చింది. బస్టాండులో నిలబడి ఆమె సంతోషంగా పైకి చదివింది, "సొంతంగా మాట్లాడే శక్తి లేదు." చదివాక గానీ ఆయన మొహం చూడలేదు.

"నే... నేను..." అన్నాడు, కర్రని నేలకేసి కొడుతూ. "మా... ట్లాడతా."

"ఇది కంపెనీకండీ. కాగితం కోసం."

"మాట్లా... డతా!"

"మాట్లాడండి మరి, ఎవరొద్దన్నారు?" అని ఆమె కూడా అరిచింది. ఆయన బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. ఇంటికొచ్చేదాకా డైలాగు కూడా లేదు. రెండు రోజులు షాపుకి రానని భీష్మించాడు.

మూడో రోజు కర్ర పట్టుకుని తనే వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఎడమచేత్తో కాగితాలు సర్దుతున్నాడు. అలవాటైన కుర్రకారులో ఒకడు ఫోను తీసి వీడియో పెట్టుకుని, "బాబాయ్, గేటు డైలాగు ఒకటి పడాలి" అన్నాడు. ఆయన వాడి వంక చూశాడు. ఊపిరి తీసుకున్నాడు. ఆమె అలవాటుగా ఆగింది.

"ప... పని... చూ... చూసుకో" అన్నాడు ఆయన.

వాడు మొహం మాడ్చుకుని, కాపీలు తీయించుకోకుండానే వెళ్ళిపోయాడు.

"రోజూ వచ్చేవాడు, బేరం పోగొట్టారు కదా!" అని ఆమె విసుక్కుంది.

"పో... పోనీ" అన్నాడు ఆయన, కట్ట మీద ఇంకో కాగితం సర్దుతూ.